నీళ్ళు పెట్టాను, రండి

ఆ ఓడలో మూలగది అంటే పనివాళ్ళందరికీ హడల్.

జనాన్ని సరదాగా సముద్రం మీద తిప్పి తెచ్చే పెద్ద ఓడ అది. లిఫ్టులు, ఈతకొలను, రాత్రిళ్ళు పాటలు, ఆటలు... లోపల తిరుగుతుంటే ఓడలో ఉన్నామనే అనిపించదట. అందులో ఒక అంతస్తులో పొడుగాటి కారిడార్. దాని చిట్టచివర ఒక గది. పక్కన దుప్పట్లు పెట్టుకునే కొట్టు, ఎదురుగా ఇంకో గది, అంతే. లోపల మంచం, సోఫా, గోడకి బిగించిన టీవీ, ఒక గాజు తలుపు. ఆ తలుపు దాటితే బుల్లి బాల్కనీ. బాల్కనీ కింద ఇంక నీళ్ళే.

ఆ గదిలో దిగినవాళ్ళలో సగంమంది మర్నాడే కింద కౌంటర్ దగ్గరికొచ్చి, "మాకు వేరే గది ఇప్పించండి" అని అడిగేవాళ్ళట. ఎందుకూ అంటే నసిగేవాళ్ళు. గుచ్చి గుచ్చి అడిగితే మాత్రం అందరిదీ ఒకటే మాట — రాత్రిపూట టీవీ దానంతట అదే వెలుగుతుంది. బొమ్మ రాదు. ఒక ఆడగొంతు వస్తుంది. ఏదో అంటుంది... ఆరిపోతుంది.

ఏమంటుంది? అది ఎవరికీ తెలీదు. అది ఏ భాషో కూడా ఎవరికీ అంతుపట్టలేదు. "తిడుతున్నట్టుంది" అని మాత్రం అందరూ చెప్పారట.

ఇంకేముంది, పనివాళ్ళు తలో కథా అల్లేశారు. పెళ్ళైన మర్నాడే ఆ బాల్కనీ నుంచి దూకిన అమ్మాయి అని ఒకడు. మొగుడే తోసేశాడని ఇంకొకడు. గదులు సర్దే అమ్మాయి అయితే ఆ గదిలోకి వెళ్ళేముందు తలుపు మీద కొట్టి, లోపల ఎవరూ లేకపోయినా "రావచ్చా?" అని అడిగి మరీ వెళ్ళేదట.

నేను ఆ ఓడ ఎక్కలేదు. ఎక్కను కూడా! బకెట్లో నీళ్ళు కదిలితేనే నాకు కళ్ళు తిరుగుతాయి. ఇదంతా మా ఆయన చెప్పిందే. ఆయన ఆ ఓడలో రొట్టెలు కాలుస్తాడు. అక్కడ అందరూ పడుకున్నాక ఆయన పని మొదలు. ఆయన పిండి కలిపే వేళకి ఇక్కడ మాకు తెల్లారుతుంది. మనిషి బంగారం. మతిమరుపు ఒక్కటే రోగం. ఓడెక్కిన ప్రతిసారీ ఏదో ఒకటి పోగొట్టుకుని దిగుతాడు. గొడుగు, కళ్ళజోడు, ఒక చెప్పు (జత కాదండీ బాబూ, ఒకటే!), నేను ముచ్చటపడి కొనిచ్చిన టీవీ స్టిక్కు (టీవీ వెనక గుచ్చితే నెట్టులోంచి సినిమాలు చూపిస్తుందే, అది)... ఏమయ్యాయి అంటే, "ఎక్కడో ఉంటాయిలేవే" అంటాడు. అది నిజమే, ఎక్కడో ఉంటాయి!

అయితే గోరంతని కొండంత చేసి చెప్పడం మాత్రం ఆయనకి చేతకాదు. కాబట్టి ఆయన చెప్పింది చెప్పినట్టు మీకు చెప్తున్నాను. ఆఖరి ముక్క ఒక్కటి మాత్రం నాది. అది ఆఖరికే చెప్తాను, తొందరపెట్టకండి.

ఆ గదిలోకి ఒకసారి ఒక టైలర్ మాస్టారు దిగాడు. మన తెలుగాయనే. మరీ ముసలివాడేం కాదు, ఇంకా కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తాడట. కూతురూ అల్లుడూ బలవంతాన లాక్కొచ్చారు. వాళ్ళది ఎదుటి గది.

ఆయన భార్య ఆ ముందటి వానాకాలంలో పోయింది. "ఒక్క రాత్రైనా సముద్రం మీద పడుకోవాలి" అని ఆవిడకి పిచ్చి కోరికట. ఆవిడకి ఎలాగూ కుదరలేదు, కనీసం నాన్ననైనా పడుకోబెడదాం అని కూతురి ఆశ.

ఎందుకంటే... మాస్టారికి నిద్ర లేదు.

ఆవిడ పోయిన రాత్రి ఆయన ఆసుపత్రి వరండాలో బల్ల మీద ఉన్నాడు. అన్ని రోజుల అలసట, మనిషే కదా, కన్నంటుకుంది. నర్సు వచ్చి తట్టి లేపేసరికి అంతా అయిపోయింది. "మిమ్మల్ని రెండుసార్లు పిలిచారండీ" అందట ఆ నర్సు. ఆ పిల్ల ఏదో మాటవరసకి అని ఉంటుంది. కానీ ఆ ముక్క ఆయన చెవిలో అలాగే ఉండిపోయింది. తను పిలిచింది... నేను పడుకున్నాను.

అప్పట్నుంచి ఇంట్లో రాత్రంతా టీవీ మోగాల్సిందే. ఏదో ఒక చప్పుడు ఉండాలి. సద్దు లేకపోతే ఎక్కడ ఆ పిలుపు వినపడుతుందో అని భయం.

అల్లుడు మంచి కుర్రాడు. మావగారికి అలవాటైన పాత హాస్య నాటకాలన్నీ టీవీలో వచ్చేలా తన స్టిక్కు ఒకటి జేబులో వేసుకొచ్చాడు. ఓడ టీవీలో ఏం ఉంటుంది చెప్పండి! ఓడ ఎక్కడిదాకా వచ్చిందో చూపించే పటం, రేపు టిఫిన్ ఎక్కడ పెడతారో, ఇంకా ఏమేం కొనుక్కోవచ్చో... వచ్చీ రాగానే అల్లుడు టీవీ వెనక్కి చెయ్యి దూర్చాడు. టీవీ గోడకి అతుక్కుపోయి ఉంది. వేళ్ళు పట్టడమే గగనం.

"స్టిక్కు గుచ్చే చోటు తగిలింది మావయ్యా... కానీ ఏదో అడ్డుంది."

"వదిలెయ్ బాబూ. విరిగిందంటే మన మెడకి చుట్టుకుంటుంది."

రిమోట్ చూస్తే, స్టిక్కు వైపు మార్చుకునే బటనే లేదు. కింద కౌంటర్లో అడిగితే, "సొంతవి పెట్టుకోడానికి వీల్లేదండీ, మా టీవీలు లాక్ చేసి ఉంటాయి" అన్నారు నవ్వుతూ. అల్లుడు పళ్ళు నూరుకుంటూ స్టిక్కు మళ్ళీ జేబులో పడేసుకున్నాడు.

ఆ రాత్రి మాస్టారు పటమే పెట్టుకుని, చప్పుడు బాగా తగ్గించి, దాన్నే చూస్తూ పడుకున్నాడు. నీలం రంగు మధ్యలో చిన్న ఓడ బొమ్మ, కదిలీ కదలనట్టు. ఎప్పుడు కన్నంటుకుందో తెలీదు. టీవీ కాసేపటికి ఆరిపోయినట్టుంది. గది చీకటి.

టక్... మని చిన్న చప్పుడు.

టీవీ వెలిగింది. బొమ్మ లేదు. వెలుగు మాత్రమే.

"లేవండి..."

మాస్టారు కళ్ళు తెరిచాడు. కదల్లేదు.

"ఎంతసేపలా పడుకుంటారు...? లేవండి. టైమైంది."

ఆరిపోయింది.

ఆడగొంతు. గుసగుస లాంటి గొంతు. అచ్చమైన తెలుగు!

తన భార్య గొంతేనా? అది ఆయన చెప్పలేకపోయాడు. కింద ఇంజను హోరు, బయట అలల హోరు, సగం నిద్ర. గొంతు కన్నా ముందు మాట తగిలింది. ఎంతసేపలా పడుకుంటారు... అది ఆయన్ని ఎవరు అడగాలో వాళ్ళే అడిగినట్టుంది. తెల్లారేదాకా మంచం మీద కూర్చునే ఉన్నాడు, రెండు కాళ్ళూ పైకి ముడుచుకుని.

ఇంకో సంగతి కూడా గుచ్చుకుంది ఆయనకి. 'లేవండి' అంది. ఇద్దరే ఉన్నప్పుడు కూడా ఆవిడ నోట్లోంచి 'అండి' వచ్చిందంటే కోపం వచ్చిందన్నమాట. కొందరు అంతే. కోపం వస్తే గొంతు పెంచరు, మర్యాద పెంచుతారు. నాకైతే కోపం వస్తే ముందు మర్యాదే పోతుందనుకోండి, అది వేరే విషయం.

పొద్దున దుప్పట్లు మార్చడానికి వచ్చిన అమ్మాయి ఆయన మొహం చూసి ఆగిపోయింది. టీవీ వైపు వేలు చూపించి, ముక్కలు ముక్కలుగా అడిగింది. "రాత్రి... ఆడమనిషి...?"

మాస్టారు తల అడ్డంగా ఊపాడు. లేదు, ఏమీ లేదు అని.

అబద్ధమాడాడు! ఎందుకో చెప్పనా? నిజం చెప్తే గది మార్చేస్తారు. మారిస్తే... మళ్ళీ పిలిచినప్పుడు తను అక్కడ ఉండడు. ఒకసారి అలా అయింది కదా. రెండోసారి కానివ్వదల్చుకోలేదు.

ఆ పగలంతా ఆయన ఒక్కచోట కూర్చోలేదు. పై అంతస్తుకి ఎక్కడం, కమ్మీ పట్టుకుని నీళ్ళలోకి చూడటం, మళ్ళీ గదికి రావడం, టీవీ ముందు నిలబడటం. కూతురు కంచంలో ఏం పెడితే అది కెలికి వదిలేశాడు. "ఏంటి నాన్నా?" అంటే "ఏం లేదమ్మా, ఓడ ఊగుతోంది" అన్నాడు. ఆ రోజు సముద్రం పళ్ళెంలో పోసిన నీళ్ళలా ఉందట. ఊగిందెక్కడ!

రాత్రయింది. ఆయన పడుకోలేదు. చొక్కా కూడా మార్చకుండా మంచం అంచున కూర్చున్నాడు, ప్రయాణానికి తయారైనవాడిలా.

టక్.

"లేవండి... నీళ్ళు పెట్టాను. రండి."

మాస్టారికి ఒళ్ళు జలదరించింది. 'నీళ్ళు పెట్టాను' — పొద్దున్నే ఆయన దుకాణానికి వెళ్ళేముందు ఆవిడ రోజూ అనే మాటే అది. స్నానానికి నీళ్ళు పెట్టి, వంటింట్లోంచి అనే మాట. కానీ ఇక్కడ... చుట్టూ కనుచూపు మేర నీళ్ళున్న చోట...

"ఏ నీళ్ళు?" అన్నాడు పైకే.

టీవీ ఒక్క క్షణం ఊరుకుంది. తర్వాత —

"చల్లారిపోతున్నాయి... మీరు వస్తారా, నన్నే రమ్మంటారా?"

ఆరిపోయింది.

ఆయన లేచాడు. గాజు తలుపు జరిపాడు. గాలి మొహాన కొట్టింది. బాల్కనీలోకి వెళ్ళి కమ్మీ పట్టుకున్నాడు. కింద ఏమీ కనపడటం లేదు, చప్పుడు తప్ప. నీళ్ళు పెట్టాను అంది. ఇవేనా? సముద్రం మీద పడుకోవాలి అనేది కదా. వచ్చేసిందా ఇక్కడికి? ముందొచ్చి, నా కోసం చూస్తోందా?

ఎంతసేపు అలా నిలబడ్డాడో. ఎవరో గది తలుపు దబదబా కొడుతున్నారు.

"నాన్నా! తలుపు తియ్యి!"

కూతురు. దానికీ నిద్ర పట్టక, ఎందుకో మనసు కీడు శంకించి, ఎదుటి గదిలోంచి వచ్చింది. ఆయన తలుపు తీస్తే చొక్కా అంతా తుంపర్లకి తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. కూతురు ఆయన వెనక తెరిచి ఉన్న గాజు తలుపు చూసింది.

"ఎక్కడికి నాన్నా...?"

"అమ్మ పిలుస్తోందే" అన్నాడు మెల్లిగా. "కోపంగా ఉంది. వెళ్ళకపోతే ఎలా?"

అల్లుడు వచ్చి, "కల మావయ్యా, కల" అన్నాడు గానీ, ముందు వెళ్ళి గాజు తలుపు మూసింది వాడే. కౌంటర్‌కి పరిగెత్తారు. గదులన్నీ నిండిపోయాయి, ఒక్కటీ ఖాళీ లేదన్నారు. మా గదిలోకి వచ్చెయ్యి నాన్నా అంటే ఆయన మంచం కోడు పట్టుకుని కూర్చున్నాడు. కదలడు! "నేను రానమ్మా. నేనిక్కడే ఉండాలి" అన్నాడు.

మర్నాడు పొద్దున టిఫిన్ల దగ్గర, కూతురు కళ్ళు వాచిపోయి రొట్టెల ముందు నిలబడి ఉంది. లోపల్నుంచి ఒకడు వేడి పళ్ళెం తెస్తూ వేలు కాల్చుకుని, "అబ్బా! చచ్చాన్రా బాబోయ్!" అని అరిచాడు.

మా ఆయనే. ఇంకెవరు!

"మీరు తెలుగువాళ్ళా అన్నయ్యా!" అని ఆ పిల్ల అక్కడే భోరుమంది. మొత్తం చెప్పింది. మా ఆయన కాలిన వేలు నోట్లో పెట్టుకుని విన్నాడట.

"మూలగదా? నేనూ పడుకున్నాను కదమ్మా అందులో! మా గదిలో పైపు పగిలితే, అది ఖాళీగా ఉందని కొన్నాళ్ళు నన్ను అందులో ఉంచారు. నాకేం కనపడలేదే!" అన్నాడు. అని, ఒక్క నిమిషం ఆగి, "కాకపోతే నేను రాత్రిళ్ళు ఇక్కడ పొయ్యి దగ్గర ఉంటాను... పగలే కదా అక్కడ పడుకుంది..." అన్నాడు. రంగు పోయింది మొహంలో. దెయ్యాలంటే ఆయనకి చచ్చేంత భయం. పెరట్లో లైటు లేకపోతే నన్ను తోడు రమ్మనే మనిషి.

అయినా పాపం పెద్దమనిషిలాగే ధైర్యం చెప్పాడు. "రేపు పొద్దున్నే మా కరెంటు పనివాణ్ణి తీసుకొస్తాను. టీవీ ఊడదీయిద్దాం. ఈ ఒక్క రాత్రికీ నాన్నగారిని ఒంటరిగా వదలకమ్మా. వదిలావో..." అని అక్కడితో ఆపేశాడట. ఆ మాట పూర్తి చెయ్యనక్కర్లేదు కదా.

ఆ రాత్రి కూతురు నాన్న గదిలోనే, సోఫా మీద. గాజు తలుపుకి గొళ్ళెం పెట్టింది. చాలదనిపించి, తన చున్నీ ఒక కొస నాన్న మణికట్టుకి కట్టి, రెండో కొస తన చేతికి కట్టుకుంది. గట్టి ముడే వేసింది. కానీ టైలర్ చేతికి ముడి విప్పడం ఒక లెక్కా?

దీపం ఆర్పేశారు. చీకట్లో ఇద్దరూ కళ్ళు తెరుచుకుని టీవీ వైపే చూస్తున్నారు.

ఏమీ లేదు.

ఇంజను హోరు. అలలు. ఎక్కడో లిఫ్టు తలుపు మూసుకున్న చప్పుడు.

ఏమీ లేదు...

అంతకుముందు పిలుపు వస్తే భయం వేసింది మాస్టారికి. ఆ రాత్రి రాకపోతే అంతకన్నా భయం వేసింది. ఒక పక్కకి దొర్లాడు, ఇంకో పక్కకి దొర్లాడు. లేచి కూర్చున్నాడు. ఏదీ? ఎందుకు పిలవదు? పిలిచి పిలిచి విసిగిపోయిందా? మళ్ళీ నేను పడుకున్నాననుకుందా? అప్పుడూ ఇంతే కదా, రెండుసార్లు పిలిచి... ఊరుకుంది.

సోఫా మీద కూతురి ఊపిరి బరువుగా వినపడుతోంది. రెండు రాత్రుల నిద్ర బాకీ, పాపం, దాన్ని మాత్రం ఏమంటాం. కన్నంటుకుంది.

మాస్టారు ముడి విప్పాడు. చున్నీ కొసని మంచం కోడుకి కట్టాడు, లాగితే బరువు తెలిసేలా. చూశారా తెలివి! గొళ్ళెం చప్పుడు కాకుండా తీశాడు. గాజు తలుపు జరిపాడు. బాల్కనీలోకి వెళ్ళి, కమ్మీ మీద రెండు చేతులూ ఆనించి, ఒక కాలు పైకెత్తి అవతలికి వేశాడు.

"వస్తున్నానే" అన్నాడు. "ఈసారి పడుకోలేదు... మేలుకునే ఉన్నా."

వెనకాల, గదిలో —

టక్.

బాల్కనీ గచ్చు మీద వెలుగు పడింది. ఆయన నీడ కమ్మీ మీదికి పాకింది.

"రాకు."

మాస్టారు అలాగే ఆగిపోయాడు, కాలు అవతల.

"రాకు... వెళ్ళి పడుకో."

అలల మీంచి గాలి ఒక్కసారి విసురుగా కొట్టింది. ఆ గొంతు మళ్ళీ అంది, ఇంకా మెల్లిగా.

"ఇంక పడుకో."

చల్లగాలి మొహానికి తగిలి కూతురు ఉలిక్కిపడి లేచింది. టీవీ వెలుగుతోంది. చున్నీ చివర నాన్న లేడు. "నాన్నా!" అని కెవ్వుమని పరిగెత్తింది. ఆయన గాజు తలుపు గడప మీద కూర్చుని ఉన్నాడు, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడుస్తూ. ఆ పిల్ల ఆయన్ని పట్టుకుని లోపలికి లాగుతుండగా టీవీ ఆరిపోయింది. మాట మాత్రం తను వినలేదు. వెలుగు చూసింది, అంతే.

ఆ తర్వాత మాస్టారు పడుకున్నాడు. దుప్పటి కూడా కప్పుకోకుండా, బూట్లతోనే. గురక పెట్టి మరీ పడుకున్నాడట. ఆవిడ పోయాక ఆయన గురక వినడం కూతురికి అదే మొదటిసారి. పక్కనే కూర్చుని ఏడ్చిందట ఆ పిల్ల.

బాగా పొద్దెక్కాక మా ఆయన కరెంటు పనివాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. వెనకాలే గదులు సర్దే అమ్మాయి, గుమ్మం దాటకుండా. మరలు విప్పి టీవీని గోడనుంచి ముందుకి లాగారు. అల్లుడు తొంగి చూసి, "అదిగో, నేను చెప్పలా! ఏదో అడ్డుందని!" అన్నాడు.

వేలంత పొడుగు నల్లటి స్టిక్కు. టీవీ వెనక గుచ్చి ఉంది. దాని మీద ఎర్రటి గోళ్ళరంగు చుక్క.

మా ఆయన నోరు తెరిచాడు. "ఇది... ఇది నాదే!"

సరే. ఇప్పుడిక నా ముక్క.

ఆ గోళ్ళరంగు చుక్క పెట్టింది నేనే, వేరేవాళ్ళ స్టిక్కులతో కలిసిపోకూడదని. పైపు పగిలి ఆ గదిలో ఉన్నప్పుడు, ఆయన అప్పటి కరెంటు పనివాడి గడ్డం పట్టుకుని బతిమాలి, టీవీ లాక్ తీయించి, దాన్ని వెనకాల పెట్టించుకున్నాడు. గది ఖాళీ చేసేటప్పుడు మర్చిపోయాడు. "ఎక్కడో ఉంటుందిలేవే" అన్నాడు. ఉంది మరి!

మాకిద్దరు పిల్లలు. మేడ మీద పడుకుంటారు. పొద్దున బడికి లేపాలంటే నా ప్రాణం తోడేస్తారు. కింద వంటింట్లోంచి అరిచి అరిచి నా గొంతు పోతోందని, మా ఆయన మాటలు మోసే డబ్బాలు రెండు కొనిచ్చాడు. వంటింట్లో డబ్బా ముందు నేను మాట్లాడితే, మా పేరు మీద ఉన్న అన్నిట్లోనూ అది మోగుతుంది. పిల్లల గదిలో డబ్బాలో మోగుతుంది. మా టీవీలో మోగుతుంది. మా ఆయన స్టిక్కులో కూడా... అది ఎక్కడుంటే అక్కడ.

ఆయన నాతో మాట్లాడటానికని ఓడలో నెట్టు కొనుక్కున్నప్పుడల్లా, దానికే కలిపి ఉంచిన ఆ స్టిక్కుకీ ప్రాణం వచ్చేది. టీవీని అదే లేపేది. ఇక్కడ నాకు పొద్దున, అక్కడ వాళ్ళకి నడిరాత్రి. బడి లేని రోజు దెయ్యానికీ సెలవే!

"లేవండి. ఎంతసేపలా పడుకుంటారు? టైమైంది. నీళ్ళు పెట్టాను, రండి. చల్లారిపోతున్నాయి. మీరు వస్తారా, నన్నే రమ్మంటారా?"

ఇద్దరు పిల్లల్ని లేపితే 'లేవండి' అంటాం. మొగుణ్ణి లేపినా 'లేవండి' అంటాం. ఏం చేస్తాం, మన భాష అలా ఉంది.

అవునండీ. ఆ ఓడలో దెయ్యాన్ని నేనే. తిడుతున్నట్టుందట! నేను మామూలుగా మాట్లాడితేనే!

మా ఆయన గదిలో అందరికీ ఇది వివరంగా చెప్పాడు. అల్లుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. గదులు సర్దే అమ్మాయికి అర్థమయ్యేలా చెప్పేసరికి అది కూడా గుమ్మం దాటి లోపలికొచ్చి నవ్వింది. కూతురు నవ్వుతూ ఏడ్చింది. మాస్టారు కూడా నవ్వాడట, తల వంచుకుని. "పిల్లలు అదృష్టవంతులు బాబూ, అమ్మ లేపుతోంది" అన్నాడు.

అందరూ వెళ్ళాక మా ఆయన్ని ఆపాడు. చెయ్యి పట్టుకుని బాల్కనీలోకి తీసుకెళ్ళాడు. గొంతు బాగా తగ్గించాడు.

"నిన్న రాత్రి మీ ఆవిడ 'రాకు' అంది. 'వెళ్ళి పడుకో' అంది. పొద్దున్నే పిల్లల్ని పడుకోమని ఎందుకంటుంది బాబూ?"

మా ఆయన వెనక్కి తిరిగి గదిలో టీవీ వైపు చూశాడు.

"మా ఆవిడ నలుగురిలో నన్ను మీరు అనేది. కోపం వస్తే మీరు అనేది. ఇద్దరమే ఉండి, మనసు బాగుంటే మాత్రం... నువ్వు అనేది. మా అమ్మాయికి కూడా తెలీదు. ఆ రెండు రాత్రులూ అది 'లేవండి, రండి' అంటుంటే నా మీద కోపం తీరలేదనుకున్నాను. నిన్న 'రాకు' అంది..." అన్నాడట.

ఆ పూటే మా ఆయన నాకు ఫోన్ చేశాడు. కథంతా చెప్పాడు, ఇప్పుడు మీకు నేను చెప్పినట్టే. నేను నవ్వాను, తిట్టాను, స్టిక్కు దొరికినందుకు సంతోషించాను. చివర్లో ఆయన అడిగాడు.

"ఏమే... ఇవాళ పొద్దున పిల్లల్ని ఏమని లేపావు?"

"ఏమనీ లేదు. మెట్లెక్కి వెళ్ళి, వీపు మీద ఒక్కటిచ్చి లేపాను."

"అదేంటి? డబ్బా ఏమైంది?"

"రాత్రి నుంచీ మా వీధంతా కరెంటు లేదండీ. ఇవాళ మధ్యాహ్నం దాకా రాలేదు. డబ్బా ఏం పలుకుతుంది?"

ఫోన్లో సముద్రం చప్పుడు మాత్రం వినపడుతోంది. నా చేతి మీద రోమాలు ఒక్కొక్కటే లేస్తున్నాయి.

"మరి 'రాకు' అని..."

"నేను అనలేదు" అన్నాను. "ఎవరితోనూ అనలేదు."

ఆయన గుసగుసగా అడిగాడు. "మాస్టారికి ఏం చెప్పమంటావే?"

"ఉన్నది చెప్పండి" అన్నాను. "రమ్మన్నది నేను. వద్దన్నది మాత్రం నేను కాదని చెప్పండి."